ఎదురుగాలిలో నడక

ఆఫ్రికా అడవుల్లో జనాన్ని కాలినడకన ఖడ్గమృగాల దగ్గరికి తీసుకెళ్లే గైడ్ల భుజానికి తుపాకీ ఉంటుంది. జేబులో తూటాలుంటాయి. చాలామంది దగ్గర ఇంకొకటి కూడా ఉంటుంది: పలుచటి గుడ్డసంచిలో గుప్పెడు బూడిద. తుపాకీ పేల్చాల్సిన అవసరం ఏళ్ల తరబడి రాకపోవచ్చు. బూడిదసంచి మాత్రం రోజూ, గంటకు ఎన్నోసార్లు పనిచేస్తుంది. దాన్ని వేలితో కొట్టగానే సన్నటి బూడిద గాలిలోకి లేస్తుంది. అది ఏ వైపు పోతుందో చూసి, నడక ఎటు సాగాలో గైడ్ తేలుస్తాడు.

ఖడ్గమృగం ఎక్కడుందో తెలియడం రెండో సంగతి. గాలి ఎటు వీస్తోందో ముందు తెలియాలి. మన వెనకనుంచి జంతువు వైపు గాలి వీస్తుంటే, మనం దాన్ని చూడకముందే మన ఒంటి వాసన దానికి అందుతుంది. ఇక అక్కడ చూడటానికి ఏమీ మిగలదు, విరిగిన కొమ్మలూ లేచిన దుమ్మూ తప్ప. లేదంటే అంతకన్నా చెడ్డది జరగొచ్చు. అందుకే ఎప్పుడూ ఎదురుగాలికి నడవాలి. అర కిలోమీటరు దూరంలో ఉన్న జంతువు దగ్గరికి వెళ్లడానికి రెండు కిలోమీటర్లు చుట్టు తిరగాల్సి వస్తే, తిరగాలి.

గాలి రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు మీంచి లోయలోకి దిగుతుంది. పొద్దెక్కేకొద్దీ వాలు వేడెక్కి, గాలి లోయలోంచి పైకి పాకడం మొదలుపెడుతుంది. ఈ రెండింటి మధ్య కొంతసేపు దానికి ఒక దారంటూ ఉండదు. ఇప్పుడు ముఖానికి తగిలింది మరు నిమిషంలో వీపుకు తగులుతుంది. అనుభవమున్న గైడ్ ఆ వేళలో జంతువుకు దగ్గరగా వెళ్లడు, ఎంత బతిమాలినా సరే. తెల్లవారకముందే బయలుదేరడానికి చల్లదనం ఒక కారణమైతే, నమ్మదగిన గాలి ఇంకో కారణం.

జీపులో వెళ్లేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. పర్యాటకులు తిరిగే అడవుల్లో జంతువులు చిన్నతనం నుంచీ బండ్లను చూస్తుంటాయి. పెట్రోలు వాసన కొట్టే ఆ పెద్ద ఆకారం తమనేమీ చేయదని అలవాటు పడతాయి. లోపలున్న మనుషుల్ని విడిగా పట్టించుకోవు. కిందికి దిగి నేల మీద కాలు పెట్టగానే లెక్క మారిపోతుంది. రెండు కాళ్ల మనిషి ఆకారం, మనిషి వాసన, మనిషి గొంతు ఖడ్గమృగానికి వేల ఏళ్లుగా వేటగాడి గుర్తులు. మనం చూడటానికి వచ్చామని దానికి తెలియదు. తెలియజెప్పే మార్గమూ లేదు. కాబట్టి, నా దృష్టిలో, మంచి నడకకు ఒకటే కొలత: మనం వచ్చి వెళ్లిన సంగతి ఆ జంతువుకు తెలియకూడదు. ఈ అధ్యాయంలో చెప్పబోయే విజ్ఞానమంతా ఈ ఒక్క కొలత చుట్టూనే తిరుగుతుంది.

రెండు నదుల మధ్య

ఇలాంటి నడకలు నమీబియా ఎడారిలో ఉన్నాయి, జింబాబ్వే మటోబో కొండల్లో ఉన్నాయి, నేపాల్‌లోని చిత్వాన్‌లో ఉన్నాయి. నేను ఇక్కడ దక్షిణాఫ్రికాలోని హ్లుహ్లువే–ఇమ్ఫొలోజి పార్కునే తీసుకుంటాను. ఖడ్గమృగాల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఒక్క అడవిలో, చాలావరకు కాలినడకనే తెలిసింది.

అది క్వాజులు–నటాల్ రాష్ట్రంలో, డర్బన్‌కు ఉత్తరాన ఉంది. డర్బన్ మన వాళ్లకు కొత్త ఊరు కాదు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పిల్లలూ మనుమలూ 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ చెరకు తోటలు దాటి ఉత్తరానికి కొన్ని గంటలు ప్రయాణం చేస్తే నల్ల ఇమ్ఫొలోజి, తెల్ల ఇమ్ఫొలోజి అనే రెండు నదులు కలిసే చోటు వస్తుంది. ఒకప్పుడు అది జులు రాజుల వేటభూమి. 1895లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆఫ్రికా దక్షిణ భాగమంతా తిరిగిన తెల్ల ఖడ్గమృగం అప్పటికి తుపాకులకు బలై, దాదాపుగా ఈ ఒక్క చోటే మిగిలింది. అదీ వందకు లోపే.

ప్రకటనతో కష్టాలు తీరలేదు. పశువులకు నగానా అనే జబ్బును మోసుకొచ్చే ట్సెట్సీ ఈగ అడవి జంతువుల రక్తం తాగి బతుకుతుంది కనుక, ఈగను తరమాలంటే జంతువుల్నే లేకుండా చేయాలని చుట్టుపక్కల రైతులు పట్టుబట్టారు. 1920ల చివరి నుంచి 1940ల దాకా దఫదఫాలుగా ఈ అడవిలో వేలాది జింకల్నీ జీబ్రాల్నీ అడవిదున్నల్నీ కాల్చేశారు. ఖడ్గమృగాల జోలికి మాత్రం పోలేదు. ఇంత చంపినా ఈగ పోలేదు. చివరికి అది పోయింది 1940ల మధ్యలో విమానాలతో చల్లిన డి.డి.టి. వల్ల.

1953లో ఇయాన్ ప్లేయర్ అనే యువ అటవీ అధికారి చిన్న విమానంలో తిరుగుతూ తెల్ల ఖడ్గమృగాలను లెక్కపెట్టారు. 437 తేలాయి. ఒక జాతి కోలుకుంటోందన్న సంతోషంతోపాటు ఒక భయమూ ఆయన్ని పట్టుకుంది. జాతి మొత్తం ఒక్క అడవిలో ఉంటే, ఒక్క అంటురోగం చాలు. 1961లో ఆయన బృందం ఖడ్గమృగాలకు మత్తుమందు సూది వేసి, లారీలెక్కించి వేరే అడవులకు తరలించడం మొదలుపెట్టింది. అప్పటికి ఇంత పెద్ద జంతువుకు ఎంత మందు ఇవ్వాలో ఎవరికీ సరిగా తెలియదు. సూది తగిలిన జంతువు పడిపోయేదాకా గుర్రాల మీద, కాలినడకన వెంటపడాల్సి వచ్చేది. ఎటార్ఫిన్ అనే శక్తిమంతమైన మందు వచ్చాక పని తేలికైంది. అలా ఇక్కడినుంచి నాలుగు వేలకు పైగా ఖడ్గమృగాలు బయటికి వెళ్లాయి. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ దక్షిణ తెల్ల ఖడ్గమృగం కనిపించినా దాని పూర్వీకులు ఇమ్ఫొలోజి గడ్డి మేసినవే.

ప్లేయర్ ఇంకో పని కూడా చేశారు. దాని గురించి తక్కువమందికి తెలుసు. 1959లో, రెండు నదుల నడుమ ఉన్న దక్షిణ భాగంలో రోడ్లు వేయకూడదని, కట్టడాలు కట్టకూడదని, బండ్లు రాకూడదని పట్టుబట్టి దాన్ని విడిగా ఉంచేలా చేశారు. అదే ఏడాది అక్కడికి పర్యాటకుల్ని నడిపించి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఆ నడకల్లో ఆయనకు తోడు మగ్గుబు ఎన్‌తొంబేలా అనే జులు కాపలాదారు. బడికి పోని మనిషి. కుర్రతనంలోనే అడవి కొలువులో చేరి జీవితమంతా అక్కడే గడిపారు. వర్ణవివక్ష చట్టాలు తెల్లవాణ్నీ నల్లవాణ్నీ ఒక బల్ల మీద కూర్చోనివ్వని ఆ రోజుల్లో, ప్లేయర్ ఈయన్ని తన గురువని చెప్పుకున్నారు. చివరిదాకా అదే మాట మీద ఉన్నారు. ఈ నడకల చరిత్ర రాసేవాళ్లు ప్లేయర్ పేరుతో మొదలుపెట్టి ఎన్‌తొంబేలాను ఒక వాక్యంలో దాటేస్తుంటారు. అది అన్యాయం. గాలిని, జాడను, పక్షి కూతను కలిపి చదివే పద్ధతి జులు వేటగాళ్లది. ఇవాళ్టి గైడ్లకు శిక్షణలో నేర్పేది చాలావరకు అదే.

ఇప్పటికీ అక్కడి పద్ధతి పెద్దగా మారలేదు. ఒక గుంపులో ఎనిమిది మందికి మించరు. ఇద్దరు సాయుధులు తోడుంటారు. తెలుపు, ఎరుపు బట్టలు వద్దు. సెంటు వద్దు. ఒకరి వెనక ఒకరు, మాటల్లేకుండా నడవాలి. ముందున్న గైడ్ చెయ్యి ఎత్తితే ఆగిపోవాలి. మూటాముల్లె వీపున వేసుకుని రోజుల తరబడి సాగే నడకల్లో రాత్రి ఆరుబయటే పడక. మంట దగ్గర వంతులవారీగా ఒక్కొక్కరు మేలుకుని కాపలా కాయాలి. చీకట్లో ఏదో కదిలిన చప్పుడైతే, అది ఏమిటో తేల్చుకోవాల్సింది ఆ వంతు మనిషే.

నేల మీది వార్తలు

ఖడ్గమృగం పాదానికి మూడు గిట్టలు. మధ్యది పెద్దది, చెరోపక్క ఒక్కోటి చిన్నది. తెల్లదాని అడుగు పెద్దది, మడమవైపు అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. నల్లదాని అడుగు చిన్నది, మడమ గుండ్రంగా ఉంటుంది. తెల్లదీ నల్లదీ అని పిలుస్తారు గానీ రంగులో రెండూ బూడిదరంగే. ఏ బురదలో పొర్లితే ఆ రంగు. అసలు తేడా పెదవిలో ఉంది. తెల్లదాని మూతి వెడల్పుగా, తిన్నగా ఉండి నేలబారు గడ్డిని మేయడానికి పనికొస్తుంది. నల్లదాని పై పెదవి కొసగా సాగి, వేలిలా కొమ్మను చుట్టి పట్టుకుని లాగుతుంది.

ఈ తేడా లద్దెలో కూడా తెలుస్తుంది. తెల్లదాని లద్దె విడదీస్తే మెత్తటి గడ్డిపీచు. నల్లదాని లద్దెలో పుల్లల తునకలుంటాయి, వాటి కొసలు కత్తిరించినట్టు ఏటవాలుగా తెగి ఉంటాయి. పుల్ల చూస్తే చాలు, ఈ పొదల్లో ఎవరున్నారో గైడ్‌కు తెలిసిపోతుంది. ఎవరన్నది తెలియడం ఇక్కడ ప్రాణావసరం. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

ఎంతసేపటి కింద వెళ్లిందన్నది తర్వాతి ప్రశ్న. అడుగు అంచు ఇంకా పదునుగా ఉందా, గాలికి రాలిందా? దాని మీద రాత్రి తిరిగే పురుగుల గీతలు ఉన్నాయంటే జంతువు రాత్రికి ముందే వెళ్లింది. మంచు తడి మీద అడుగు పడితే తెల్లవారాక వెళ్లింది. లద్దె ఇంకా వెచ్చగా ఉండి పేడపురుగులు అప్పుడే వాలుతున్నాయంటే అందరూ నోరు మూసుకోవాలి.

లద్దె దగ్గర ఇంకాసేపు ఆగుదాం, ఎందుకంటే ఈ అడవిలో జరిగిన అందమైన పరిశోధనల్లో ఒకటి దాని గురించే. తెల్ల ఖడ్గమృగాలు ఎక్కడపడితే అక్కడ లద్దె వేయవు. చాలావరకు కొన్ని స్థిరమైన చోట్లకే వస్తాయి. ఆ కుప్పలు కొన్ని మీటర్ల వెడల్పుంటాయి, ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఆ చుట్టుపక్కల బతికే ఖడ్గమృగాలన్నీ అక్కడికి వస్తాయి, వాసన చూస్తాయి, తమ వంతు వేసి వెళ్తాయి. హద్దు ఏలే మగది మాత్రం నడిమధ్యలో వేస్తుంది, వేశాక వెనక కాళ్లతో బలంగా తన్ని చెదరగొడుతుంది. మిగతావి అంచుల్లో వేసి, తన్నకుండా పోతాయి. ఊళ్లో రచ్చబండ దగ్గరికి పోయివచ్చినవాడికి ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలిసినట్టు, ఈ కుప్ప దగ్గరికి వచ్చిన ఖడ్గమృగానికి చుట్టుపక్కల సంగతులన్నీ తెలుస్తాయి.

ఇది ఊహ కాదని కోర్ట్నీ మార్నెవెక్, ఆండ్రియాస్ యూర్గెన్స్, ఏడ్రియన్ ష్రేడర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 2017లో ప్రచురించిన పరిశోధన చూపించింది. వాళ్లు ఇమ్ఫొలోజిలో తాజా లద్దెల నుంచి వచ్చే ఆవిరి రసాయనాలను పట్టి విశ్లేషించారు. వేసింది మగదా ఆడదా, పెద్దదా పిల్లదా, మగదైతే హద్దు ఉన్నదా లేనిదా, ఆడదైతే ఎదకు వచ్చిందా లేదా అన్న నాలుగు సంగతులూ ఆ వాసనల కూర్పులో తేడాలుగా కనిపించాయి. అంతటితో ఆగకుండా, ఆ రసాయనాలను కలిపి కృత్రిమ వాసనలు తయారుచేసి, హద్దు ఏలే మగవాటి కుప్పల దగ్గర పెట్టి అవి ఎలా స్పందిస్తాయో చూశారు. పోటీ మగదాని వాసనకు ఒకలా, ఎదకు వచ్చిన ఆడదాని వాసనకు ఇంకోలా స్పందించాయి. అసలు లద్దె లేకపోయినా కబురు చేరింది.

ఈ హద్దుల వ్యవస్థను మొదట విప్పి చెప్పింది నార్మన్ ఓవెన్–స్మిత్. 1960ల చివరి ఏళ్ల నుంచి ఆయన ఇదే అడవిలో తెల్ల ఖడ్గమృగాల వెంట నడిచారు. ఒక్కో బలమైన మగది ఒకటి నుంచి రెండున్నర చదరపు కిలోమీటర్లలోపు నేలను ఏలుతుంది. అంత పెద్ద జంతువుకు చాలా చిన్న రాజ్యం అది. అక్కడే ఇంకో మగది కూడా ఉండొచ్చు, తల వంచుకుని ఉన్నంతకాలం. మూత్రాన్ని పిచికారీలా చిమ్మే హక్కు మాత్రం ఏలేదానికే. హద్దు దగ్గర ఇద్దరు రాజులు ఎదురుపడితే కొమ్ముకు కొమ్ము ఆనించి, చాలాసేపు అలాగే నిలబడి, చివరికి ఎవరి నేలలోకి వారు వెనక్కి తగ్గుతారు. ఎక్కువ తగాదాలు రక్తం చిందకుండా అలాగే ముగుస్తాయి.

చూపు, చెవి, పిట్ట

ఖడ్గమృగానికి చూపు ఆనదని అందరూ అంటారు. పూర్తిగా నిజం కాదు. నల్ల ఖడ్గమృగం కంటిపొరలోని నాడీకణాల సాంద్రతను లెక్కించిన 2008 నాటి పరిశోధన, దాని చూపు దాదాపు కుందేలు చూపంత ఉంటుందని తేల్చింది. మనిషి చూపుతో పోలిస్తే అది చాలా తక్కువే. కానీ గుడ్డిది మాత్రం కాదు. కదలకుండా చెట్టుకు ఆని నిలబడిన మనిషి దానికి చెట్టులో భాగమైపోతాడు. అదే మనిషి కెమెరా ఎత్తితే ఆ కదలిక దొరికిపోతుంది. చెవులు గొట్టాల్లా ఉండి, ఒక్కోటి విడివిడిగా ఎటైనా తిరుగుతాయి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరిగి ఉన్నాయంటే జంతువు నెమ్మదిగా ఉంది. రెండూ మన వైపే తిరిగి ఆగిపోతే మన సంగతి దానికి సగం తెలిసినట్టే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, అది ఖడ్గమృగం ఒంట్లో ఉండదు, దాని వీపున కూర్చుని ఉంటుంది. ఎర్రముక్కు ఆక్స్‌పెకర్ అనే పిట్ట. గోధుమరంగు ఒళ్లు, కంటి చుట్టూ పసుపు వలయం. జంతువుల ఒంటి మీది గోమార్లను ఏరుకు తింటుంది, పుళ్లలోంచి రక్తమూ తాగుతుంది. అందువల్ల దాన్ని స్నేహితుడనాలా, పీల్చుకుతినేదనాలా అన్న వాదన చాలాకాలంగా ఉంది. రోవాన్ ప్లాట్జ్, వేన్ లింక్లేటర్ 2020లో ప్రచురించిన పరిశోధన ఆ వాదనకు కొత్త మలుపు ఇచ్చింది. అది జరిగిందీ ఈ పార్కులోనే, నల్ల ఖడ్గమృగాల మీద.

వాళ్లు చేసింది మన నడక లాంటిదే, కొలతలతో. ఒక పరిశోధకుడు పక్కగాలికి, అంటే వాసన నేరుగా చేరని దిక్కునుంచి, ఖడ్గమృగం వైపు నడిచాడు. ఎంత దూరంలో అది మనిషిని పసిగట్టిందో రాసుకున్నారు. వీపు మీద పిట్ట లేని ఖడ్గమృగం నూటికి 23 సార్లే మనిషిని గుర్తించింది, అదీ సగటున 27 మీటర్లకు వచ్చాక. పిట్ట ఉన్న ఖడ్గమృగం ప్రతిసారీ గుర్తించింది, సగటున 61 మీటర్ల దూరంలోనే. ఒక్కో పిట్ట అదనంగా ఉన్నకొద్దీ ఆ దూరం మరో తొమ్మిది మీటర్లు పెరిగింది. మనిషిని చూడగానే పిట్ట గరగరమని అరుస్తుంది. ఖడ్గమృగం లేచి తిరుగుతుంది. ఇందులో నన్ను ఆశ్చర్యపరిచిన వివరం ఒకటుంది. అది అరుపు వచ్చిన వైపుకు తిరగదు. గాలి పోయే దిక్కుకు, అంటే తన ముక్కుకు వాసన అందని దిక్కుకు, తిరిగి చూస్తుంది. వేటగాడు వచ్చేది అటునుంచేనని దానికి తెలుసు. ఎదురుగాలికి నడిచే మన ఉపాయం మనకు కొత్త కావచ్చు, దానికి కొత్త కాదు.

దీంట్లో విచారకరమైన సంగతి కూడా ఉంది. పశువుల గోమార్లను చంపడానికి వాడిన ఆర్సెనిక్ మందులు గోమార్లతోపాటు వాటిని తిన్న పిట్టల్నీ చంపాయి. దక్షిణాఫ్రికాలో చాలా చోట్ల ఆక్స్‌పెకర్లు తగ్గిపోయాయి. పిట్ట లేని అడవిలో ఖడ్గమృగం ఒంటరి కాపలాదారు. పిట్టల్ని తిరిగి ప్రవేశపెట్టడం కూడా ఖడ్గమృగ రక్షణలో భాగమే కావాలన్న వాదన బలమైనదే.

నడిచేవాళ్లకు దీని అర్థం సూటిగా ఉంటుంది. గైడ్ ముందు జంతువు కోసం వెతకడు. పిట్టల కోసం వింటాడు. పొదల మీంచి గరగర వినబడి, పిట్టలు లేచి మళ్లీ అక్కడే వాలాయంటే, కింద ఏదో పెద్దది ఉంది. అది మనల్ని చూసి అరిచిన అరుపైతే ఆ ఉదయానికి అక్కడ పని అయిపోయినట్టే. వెనక్కి తిరగాలి.

తెల్లదా, నల్లదా?

ఎవరన్నది తెలియడం ప్రాణావసరమన్నాను. తెల్ల ఖడ్గమృగం రెండు టన్నులు దాటుతుంది, బహిరంగమైన గడ్డినేలల్లో గుంపుగా మేస్తుంది, సాధారణంగా శాంతంగా ఉంటుంది. బెదిరితే పరుగెత్తిపోతుంది. నల్లది బరువులో దాదాపు సగమే, దట్టమైన ముళ్లపొదల్లో ఒంటరిగా ఉంటుంది. అనుమానం వస్తే ముందు దూసుకొస్తుంది, తర్వాత ఆలోచిస్తుంది. రెండూ గంటకు 40 కిలోమీటర్లు మించిన వేగంతో పరుగెత్తగలవు, అంటే మనిషి పరుగుకు అర్థం లేదు.

తల్లీపిల్లా ఉంటే ఇంకా జాగ్రత్త. పరుగెత్తేటప్పుడు తెల్లదాని పిల్ల తల్లికి ముందుంటుంది, నల్లదాని పిల్ల వెనక ఉంటుంది. గడ్డినేలలో సింహమో హైనానో వెనకనుంచి వస్తుంది కాబట్టి తల్లి వెనక ఉండటం మేలు. ముళ్లపొదల్లో దారి చీల్చుకుంటూ తల్లే ముందు పోవాలి. చాలామంది ఇచ్చే వివరణ ఇదే, నాకూ ఇదే సబబుగా తోస్తుంది.

దూసుకొస్తే ఏం చేయాలన్నది నడక మొదలయ్యే ముందే గైడ్ చెబుతాడు. తను చెప్పేదాకా పరుగెత్తకూడదు. లావాటి చెట్టు మొదలు వెనక్కి చేరాలి, ఎక్కగలిగితే ఎక్కాలి. నడిచేటప్పుడు ప్రతి పది గజాలకు ఒకసారి ఏ చెట్టు దగ్గరుందో చూసిపెట్టుకోవాలి. గైడ్ అరుస్తాడు, చప్పట్లు కొడతాడు. చాలావరకు అంతటితో జంతువు పక్కకు తిరిగిపోతుంది. తుపాకీ అన్నిటికన్నా చివరిది. గైడ్ తుపాకీ పేల్చాల్సి వచ్చిందంటే తప్పు ఎక్కడో ముందే జరిగింది. దగ్గరికి వెళ్లకూడని చోటికి వెళ్లి, దాని మూల్యాన్ని జంతువు చేత కట్టించినట్టు.

మన దేశపు ఒంటికొమ్ము ఖడ్గమృగం సంగతి ఇక్కడ ఒక మాట. అది కొమ్ముతో కన్నా కింది దవడలోని పదునైన ముందుపళ్లతో ఎక్కువ గాయపరుస్తుంది. మనిషిని మించి ఎత్తు పెరిగే గడ్డిలో ఉంటుంది. కాజీరంగలో పర్యాటకుల్ని జీపుల మీద, ఏనుగుల మీద తిప్పుతారు. చిత్వాన్‌లో ఇద్దరు గైడ్ల తోడుతో నడిపిస్తారు. గడ్డి గోడలా నిలిచిన చోట గాలి, చెవి తప్ప ఇంకేదీ సాయపడదు కనుక అక్కడి నడక ఇమ్ఫొలోజి కన్నా కష్టం. మన నేలకూ ఖడ్గమృగానికీ సంబంధం ఉంది. నంద్యాల జిల్లా (2022 దాకా కర్నూలు జిల్లా) బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు చేయించిన తవ్వకాల్లో ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. రిచర్డ్ లిడెకర్ 1886లో వాటికి కర్నూలు పేరే పెట్టి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అన్నారు. రాయలసీమలో ఒకప్పుడు ఖడ్గమృగం తిరిగిందని ఎంతమంది పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నారు?

ఇమ్ఫొలోజిలో నడిచేవాళ్ల కాళ్లకింద ఉండే గడ్డి గురించి కూడా చెప్పాలి, క్లుప్తంగానైనా. పొడుగాటి గడ్డి నడుమ అక్కడక్కడ పొట్టిగా, దట్టంగా అల్లుకున్న పచ్చిక మైదానాలు ఎదురవుతాయి. అవి తెల్ల ఖడ్గమృగాలు మేసి మేసి నిలబెట్టినవి. పొట్టిగడ్డి ఉన్నచోట జింకలూ అడవిపందులూ మేతకొస్తాయి. పొట్టిగడ్డి తగలబడదు కాబట్టి కారుచిచ్చు అక్కడ ఆగుతుంది. మ్యాట్ వాల్డ్రమ్, విలియం బాండ్, విలియం స్టాక్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, వానలు బాగా పడే భాగాల్లో ఖడ్గమృగాలను తీసేసిన చోట గడ్డి పొడుగు పెరిగింది, మంటలు విడివిడి ముక్కలుగా కాక పెద్ద పెద్ద విస్తీర్ణాలను కాల్చాయి. ఖడ్గమృగం పోతే ఒక జంతువు పోవడంతో ఆగదు. నేల తీరే మారిపోతుంది.

కొమ్ము లేని జంతువు

ఇవాళ ఇమ్ఫొలోజిలో నడిచేవాళ్లకు కొమ్ము కోసేసిన ఖడ్గమృగం ఎదురవుతుంది. చూడగానే మనసు చివుక్కుమంటుంది. ఎందుకలా చేశారో తెలియాలి.

2007లో దక్షిణాఫ్రికాలో దొంగవేటగాళ్లు చంపిన ఖడ్గమృగాలు 13. 2014లో 1,215. వియత్నాం, చైనాల్లో కొమ్ముపొడికి మందుగా, కొమ్ముకు హోదా చిహ్నంగా పెరిగిన గిరాకీ దీని వెనక ఉంది. కొమ్ములో ఉన్నది కెరాటిన్, మన గోళ్లలో ఉన్న పదార్థమే. అదే దేశంలోని క్రూగర్ పార్కులో కాపలా గట్టిపడేకొద్దీ వేటగాళ్లు ఇటు మళ్లారు. 2023లో దేశం మొత్తంలో చనిపోయిన 499లో 307 ఈ ఒక్క పార్కువే. ఏ అడవి ఈ జాతిని కాపాడి ప్రపంచానికి పంచిందో ఆ అడవిలోనే. 2024లో ఇక్కడి ఖడ్గమృగాల కొమ్ములు కోయడం మొదలుపెట్టారు. మత్తిచ్చి, కళ్లకు గంత కట్టి, మొదలు పైన కోస్తారు. నొప్పి ఉండదు. గోరులా మళ్లీ పెరుగుతుంది కనుక రెండేళ్లకోసారి తిరిగి కోయాలి.

ఫలితం ఉందా? క్రూగర్ చుట్టుపక్కల 11 అభయారణ్యాల లెక్కలను పరిశీలించి 2025లో ప్రచురించిన పరిశోధన, కొమ్ము కోసిన చోట దొంగవేట 78 శాతం తగ్గిందని చూపింది. ఇంకోవైపు, కొమ్ము కోల్పోయిన నల్ల ఖడ్గమృగాలు తాము తిరిగే నేలను సగటున 45 శాతం కుదించుకున్నాయని 2023లో వేరే పరిశోధన చెప్పింది. ఇతరులతో కలిసే సందర్భాలూ తగ్గాయి. ఆయుధం లేనిది దూరం పోదు. ఇది జంతువుకు జరిగిన నష్టమే. అయినా ప్రాణం పోవడం కన్నా నయమని ఆ నిర్ణయం తీసుకున్నారు, అది సరైన నిర్ణయమనే నేనూ నమ్ముతున్నాను. 2024 చివరికి ప్రపంచంలో అడవుల్లో మిగిలిన తెల్ల ఖడ్గమృగాలు 15,752. నల్లవి 6,788. ఇంత తక్కువగా ఉన్నప్పుడు కొమ్ముల అందం చూసుకునే తీరిక లేదు.

ఈ పరిస్థితిలో నడకలకు వెళ్లడం మంచిదా అని అడిగేవాళ్లున్నారు. వెళ్లాలనే నేనంటాను, కొన్ని షరతులతో. రోడ్లు లేని లోతట్టు అడవిలోకి రోజూ కాళ్లు పెట్టే సాయుధులు ఉండటమే దొంగవేటకు ఒక అడ్డు. నడకల మీద వచ్చే డబ్బు చుట్టుపక్కల జులు గ్రామాల్లో కొన్ని ఇళ్లకు జీతమవుతుంది. కానీ ఒక ఖడ్గమృగాన్ని వారంలో మూడుసార్లు బెదిరించి లేపే నడక దానికి మేలు చేయదు. అది నీటిగుంటకు రావడం మానేస్తుంది, పిల్ల పాలు తాగేది ఆగుతుంది.

కాబట్టి వెళ్లాలనుకునే పాఠకులకు నా మాట ఇది. బుక్ చేసే ముందు అడగండి: జంతువుకు అనుమానం వస్తే మీ గైడ్ వెనక్కి తిరుగుతాడా, ఇంకాస్త దగ్గరికి తీసుకెళ్తాడా? మొదటి జవాబు చెప్పినవాళ్లతోనే వెళ్లండి. గైడ్‌ను ఇంకో పది అడుగులు అని బతిమాలకండి. ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి, ఎందుకంటే మీరు పెట్టే ఒక్క ఫొటోలోని అక్షాంశ రేఖాంశాలు దొంగవేటగాడికి దారి చూపిస్తాయి. ఎక్కడ చూశారో, ఏ గుంట దగ్గర చూశారో తిరిగి వచ్చాక కూడా బయట రాయకండి. చూసిన సంగతి ఎంతైనా చెప్పండి, చూసిన చోటు మాత్రం చెప్పకండి.